దిమాగ్ ఎవరి జాగీరు?

"సాయిబులకు చదువెక్కడ అబ్బుతుందిలే" - ఈ మాట మన ఊళ్ళలో ఎవరూ కోపంతో అనరు. జాలిగా అంటారు. అన్నవాడికి అది తిట్టని కూడా తోచదు. వెంటనే ఇంకో మాట కలుపుతాడు: "పని మాత్రం వాళ్ళే చెయ్యాలి. మెకానిక్ పని వాళ్ళ రక్తంలోనే ఉంది." మొదటిది తిట్టు, రెండోది మెప్పు అనుకుంటాం. రెండూ ఒకటే. మన పిల్లవాడు పుట్టకముందే వాడి చేతిలోంచి పలక లాక్కుని పానా పెట్టే మాటలు.

జన్యువుల ప్రభావమే లేదని వాదించి ఈ మాటల్ని ఓడించలేం. అది నిజం కాదు కూడా. ఒకే తల్లి పాలు తాగిన అన్నదమ్ముల్లో ఒకడికి లెక్కలు ఇట్టే వస్తాయి, ఇంకొకడు ఎక్కాల దగ్గరే ఆగిపోతాడు. 2018లో పదకొండు లక్షల మంది జన్యువుల్ని పరిశీలించిన పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. చదువుతో ముడిపడ్డ జన్యు తేడాలు వెయ్యికి పైగా దొరికాయి. ఒక్కోదాని బలం ఆవగింజంత. అన్నీ కలిపినా, ఎవరు ఎన్నేళ్ళు చదివారన్న తేడాలో 11 నుంచి 13 శాతాన్నే అవి చెప్పగలిగాయి. అదీ యూరప్ సంతతి వాళ్ళలో. ఒక జాతిని ఇంకో జాతితో పోల్చడానికి ఈ లెక్క పనికిరాదని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు.

అయినా రక్తం మాట చావదు. 1869లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇంగ్లండులో జడ్జీల, మంత్రుల, పండితుల వంశాల్ని లెక్కబెట్టాడు. గొప్పవాళ్ళ ఇళ్ళలోనే గొప్పవాళ్ళు పుడుతున్నారు కాబట్టి ప్రతిభ వారసత్వమే అని తేల్చాడు. ఆ ఇళ్ళలో కొడుక్కి దక్కేది రక్తం ఒక్కటేనా? ఆస్తి, మంచి బడి, పలుకుబడి కూడా దక్కుతాయి కదా. జడ్జి కొడుకు జడ్జి అయితే వంశం గొప్పది. పంక్చర్ షాపు వాడి కొడుకు పంక్చర్లేస్తే వంశం తక్కువది. ఇదీ ఆ తర్కం.

దీనికి జవాబు జన్యుశాస్త్రం లోపలి నుంచే వచ్చింది. రిచర్డ్ లెవాంటిన్ అనే శాస్త్రవేత్త విత్తనాల ఉదాహరణ చెప్పాడు. ఒకే సంచిలోని విత్తనాల్ని సగం సారమున్న నేలలో, సగం చౌడు నేలలో చల్లండి. ఏ చేలోనైనా మొక్కకీ మొక్కకీ మధ్య తేడా విత్తనం వల్లే. కానీ ఈ చేనుకీ ఆ చేనుకీ మధ్య తేడా మాత్రం పూర్తిగా నేల వల్ల. చౌడులో మొలిచిన వాళ్ళని చూసి విత్తనాన్ని తిట్టడమే మనకు జరుగుతున్నది.

మన నేల మీదే దీనికి రుజువుంది. నిజాం కాలంలో హైదరాబాద్ రాజ్యంలో పెద్ద ఉద్యోగాల్లో అధికభాగం ముస్లింలవే. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో చదువు చెప్పింది. ఆ రోజుల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే రైతు పిల్లవాడు ఉర్దూ బడిలో నోరు పెగలక మొద్దు అనిపించుకున్నాడు. 1948 పోలీసు చర్య తర్వాత రాజ్యం మారింది, కచేరీ భాష మారింది. ఉద్యోగాలు పోయిన ఇళ్ళలో పిల్లలు రిక్షాలు తొక్కారు. ఒక్క తరంలో జన్యువులు మారతాయా? అప్పుడు కుర్చీలో కూచోబెట్టిందీ రక్తం కాదు, తర్వాత రిక్షా ఎక్కించిందీ రక్తం కాదు. నవాబుల దర్పం కింద అప్పుడూ పేదగానే బతికిన మామూలు సాయిబు సంగతి సరేసరి.

ఇప్పుడు మొద్దు అనిపించుకునే వంతు మన పిల్లలది. ఇంట్లో అమ్మీతో ఉర్దూ, బడిలో తెలుగు, కాలేజీకి పోతే ఇంగ్లీషు. మూడు భాషల మధ్య మాట వెతుక్కునే పిల్లవాడి ఆలస్యాన్ని పంతులు తెలివితక్కువతనం కింద జమ కడతాడు. అదే పిల్లవాడు ఉస్తాద్ దగ్గర చేరితే, చప్పుడు విని ఇంజన్‌లో జబ్బెక్కడుందో చెబుతాడు. అది దిమాగ్ కాదా?

2006లో సచార్ కమిటీ ఇచ్చిన నివేదిక చూడండి. 2001 జనగణన ప్రకారం కేరళలో మొత్తం అక్షరాస్యత 90.9 శాతం, ముస్లింలలో 89.4. బీహార్‌లో మొత్తం 47.0, ముస్లింలలో 42.0. ఏ రాష్ట్రంలో బడి ఎట్లా ఉందో ముస్లిం చదువూ అట్లాగే ఉంది. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మన అక్షరాస్యత 68 శాతం, రాష్ట్ర సగటు 60.5 కంటే ఎక్కువే! కానీ డిగ్రీ దాకా వచ్చేసరికి కథ మారుతుంది. అప్పట్లో దేశంలో ఇరవై ఏళ్ళు దాటిన ముస్లింలలో పట్టభద్రులు 4 శాతం లోపే. అక్షరం అబ్బినవాడికి పై మెట్టు ఎందుకు అందలేదు? ఫీజు లేదు, షాపులో అబ్బాకు చెయ్యి కావాలి, చదివినా నౌకరీ ఎవడిస్తాడన్న అనుమానం. వీటిలో ఏది జన్యువు?

ఈ మాట బయటివాళ్ళకే చెప్పి ఊరుకుంటే కుదరదు. మనలో ఖాందాన్ చూడకుండా సంబంధం ఖాయం చేసే ఇళ్ళెన్ని? దూదేకుల పిల్లనడగడానికి ముఖం చిట్లించే సయ్యద్‌లూ పఠాన్‌లూ గాల్టన్‌ని చదవకుండానే గాల్టన్ శిష్యులు. అరబ్బుకి అరబ్బు కానివాడి మీద ఏ ఆధిక్యమూ లేదని ప్రవక్త చివరి హజ్ ప్రసంగంలో చెప్పారని మసీదుల్లో వింటాం. ఇంటికొచ్చి నసల్ అడుగుతాం. రక్తాన్ని నమ్మేవాడికి, ఆ రక్తం పేరుతోనే ఇంకొకడు తనని తక్కువ చేస్తే అడిగే నోరుండదు.

2007లో వెనకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు ప్రతిభ ఏమైపోతుందన్నారు. కలాం రిజర్వేషన్‌తో ఎదిగాడా అని అడిగారు. రామేశ్వరంలో పుట్టిన అబ్దుల్ కలాం మద్రాసులో ఇంజనీరింగు సీటుకి డబ్బు కట్టడానికి తోబుట్టువు జొహరా తన బంగారు గాజులూ గొలుసూ కుదువపెట్టింది. కలాం తెలివిని ఎవరూ కాదనరు. ఆ గాజులు లేకపోతే ఆ తెలివి ఏ దారి పట్టేదో! ప్రతి ఇంట్లో కుదువపెట్టడానికి గాజులుండవు. ఆ గాజుల పని చెయ్యమనే సర్కారుని అడుగుతున్నాం.

ఇంకొక్క సంగతి. పుట్టుకతో వచ్చిన చురుకుదనం ఎవరి సంపాదనా కాదు. పుట్టుకతో వచ్చిన మాంద్యం ఎవరి నేరమూ కాదు. తెలివైనవాడికే మంచి బతుకు దక్కాలనే న్యాయం, జమీందారు కొడుక్కే జమీన్ దక్కాలనే న్యాయానికి తమ్ముడే. ఎక్కాల దగ్గర ఆగిపోయిన ఆ రెండో అన్నదమ్ముడికి కూడా కడుపునిండా తిండి, తలెత్తుకు తిరిగే మర్యాద ఉండాలి. మనం బడి కావాలంటున్నది కొందరిని కలెక్టర్లని చేసి, మిగిలినవాళ్ళని "నసీబ్" అని వదిలెయ్యడానికి కాదు. ఆ నసీబ్‌ని చాలావరకు మనుషులే రాశారు. వాళ్ళ చేతే దిద్దించాలి.