తుపాకీ ఎవరి చేతిలో?

సూళ్లూరుపేట నుంచి పులికాట్ దాటి పోతే శ్రీహరికోట గేటు దగ్గర తుపాకీ పట్టుకున్న సీఐఎస్ఎఫ్ జవాను కనిపిస్తాడు. ఆ తుపాకీని చూస్తే నాకు భయం వెయ్యదు. పట్టుకున్నవాడు ఎవరికి జవాబు చెప్పుకోవాలో తెలుసు గనక. 1980 జులై 18న అబ్దుల్ కలామ్ నడిపించిన ఎస్సెల్వీ-3 ఆ గేటు లోపలి నుంచే లేచింది.

"కలామ్ చేతికి రాకెట్ ఇచ్చారు సరే, నేను తుపాకీ లైసెన్సు అడిగితే ఎట్లా చూస్తారు?" అంటాడు మా మామూ.

సబబైన ప్రశ్నే. 1878 ఆయుధాల చట్టం కింద దేశంవాళ్లకు లైసెన్సు కావాలి, తెల్లదొరలకు మినహాయింపు. 1959 చట్టం ఆ తేడాను కాగితం మీద తీసేసింది. దరఖాస్తు చూసే కళ్లలోంచి తీసేసిందా?

అయినా మామూతో నేను ఒప్పుకోను. 2020 డిసెంబరులో ఆదిలాబాదులో పిల్లల క్రికెట్ దగ్గర తగాదా మొదలైంది. ఒక ముస్లిం నాయకుడు లైసెన్సు తుపాకీ తీసి కాల్చాడు. గాయపడినవాళ్లలో ఒకరు తర్వాత చనిపోయారు. పోయిందీ మనవాడే! భయానికని కొన్నది కోపానికి పనికొచ్చింది. 2019 సవరణ మనిషికి మూడు తుపాకులను రెండుకు తగ్గించింది. తగాదాకు ఒకటి చాలదా?

గుంపు మీదికొస్తే ఒంటరి ఇంట్లో తుపాకీ ఎంతసేపు కాస్తుంది? రాకెట్లకున్న కాపలా మా వీధికి ఎందుకు లేదని అడుగుదాం అంటాను.

"అడుగు. ఆ జవాను వచ్చేదాకా నన్నేం చెయ్యమంటావు?" అంటాడు మామూ.