విశ్వాసం లేని పిల్లి

మా చుక్కి బతికింది. బతికాక నా దగ్గరికి రావడం మానేసింది.

ఆగిరిపల్లిలో మామిడికాయలు కోతకొచ్చిన రోజులవి. వెనక గదిలో వరిగడ్డి పరిచి చిన్నరసాలు మగ్గబెడితే, ఆ గడ్డి మీదే పడుకునేది చుక్కి. ఒకరోజు లేవలేదు. వాంతులు, విరేచనాలు, నీళ్ళు కూడా ముట్టదు. పక్కింటి పిన్నిగారు డోలో సగం మాత్ర వెయ్యమన్నారు. వెయ్యలేదు కాబట్టి సరిపోయింది. మన జ్వరం తగ్గించే పారాసిటమాల్ పిల్లికి విషమట, దాన్ని విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి లేదట. విజయవాడ తీసుకెళ్తే డాక్టరుగారు పాన్‌ల్యుకోపీనియా అన్నారు. కుక్కల పార్వో వైరస్‌కి దగ్గరి చుట్టం. తెల్ల రక్తకణాలు పడిపోతాయి. వైరస్‌ని నేరుగా చంపే మందు లేదు. సెలైన్ ఎక్కించి, వేరే ఇన్‌ఫెక్షన్లు రాకుండా యాంటీబయాటిక్ ఇచ్చి, పిల్లి ఒళ్ళు తనే తేరుకునేదాకా కాపు కాయడమే వైద్యం.

ఇంటికొచ్చాక ఆ కాపు నా వంతయింది. పిల్లి రోజుల తరబడి తినకపోతే ఒంట్లో కొవ్వు కాలేయానికి చేరి అదో కొత్త జబ్బవుతుంది. అందుకని బలవంతంగానైనా తినిపించాలి. పాత టవల్లో చుట్టి, మెడ వెనక తోలు పట్టుకుని, దవడ తెరిచి మాత్ర వేసి, వెంటనే సిరంజితో నీళ్ళు, కాస్త ఆగి పల్చటి తిండి. రోజుకి నాలుగుసార్లు, పదకొండు రోజులు. మొదట్లో చుక్కి పెనుగులాడలేదు, గుడ్డముక్కలా చేతిలో ఉండిపోయేది. పెనుగులాడి నా చెయ్యి రక్కిన రోజు, రక్తం తుడుచుకుంటూ సంతోషంతో ఏడ్చాను.

ఆ తర్వాత మారిపోయింది. ఒళ్ళో పడుకునేది కాస్తా నేను గదిలోకొస్తే లేచి వెళ్ళిపోతోంది. ఉతికిన బట్టలు దులిపిన చప్పుడైతే చాలు, మంచం కింద ఉంటుంది. ప్రాణం పెట్టే పెరుగన్నం ముట్టదు. ఆ పదకొండు రోజుల్లో ఒక్కసారి కూడా సిరంజి పట్టని మా నాన్న ఒళ్ళో మాత్రం పేపరు కింద నిద్రపోతోంది. నాకు కోపమొచ్చింది. చెప్పుకోడానికి సిగ్గే గానీ, నాన్న మీద కూడా.

పెరుగన్నం సంగతి అర్థమైంది. జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త ఎలకలకి తీపినీళ్ళు తాగిస్తూ గామా కిరణాలు సోకనిచ్చి, ఆ తర్వాత అవి తీపినీళ్ళని వదిలేశాయని 1955లో చూపించాడు. తప్పు తీపిది కాదు, కానీ కడుపుకి ఆ వాదన ఎక్కదు. ఆ లెక్కన చుక్కికి నేనూ ఓ పెరుగన్నమే. ఇలా అనుకుంటే కోపం కొంచెం తగ్గింది, బాధ తగ్గలేదు.

"కుక్కకుంటుందే విశ్వాసం, పిల్లికెక్కడిది?" అంది నానమ్మ.

నానమ్మ ఈ మాట అన్న వాకిట్లోంచి చూస్తే శోభనాచలం కనిపిస్తుంది. కొండ మీద వ్యాఘ్ర నరసింహస్వామి. అక్కడ చిన్నప్పుడు విన్న కథలోనే పిల్లికి ఇంకో పేరుంది. శ్రీవైష్ణవంలో మార్జాల కిశోర న్యాయమని ఒకటుంది. కోతిపిల్ల తల్లిని తనే కరిచిపట్టుకోవాలి, పిల్లికూన ఏమీ చెయ్యక్కర్లేదు, తల్లే నోట కరుచుకుపోతుంది. శరణాగతి అంటే ఆ కూనలా ఉండటమని తెంగలై వారంటారు, లేదు, కోతిపిల్లలా మన వంతు పట్టు కూడా ఉండాలని వేదాంత దేశికుల దారిలో నడిచే వడగలై వారంటారు. ఊరంతా విశ్వాసం లేదని తిట్టే జంతువునే పరమ విశ్వాసానికి ఉపమానంగా ఎంచుకున్నారు చూడండి.

నేను చేసిందీ మార్జాల న్యాయమే అనుకున్నాను. మెడ పట్టుకున్నాను, అది వదులైపోయింది, గట్టెక్కించాను. కానీ తల్లి నోట్లో కూన వదులైపోవడం ఒళ్ళు చేసే పని. పెద్ద పిల్లికి అదే పట్టు భయం, అందుకే మెడ తోలు పట్టుకోవద్దని పిల్లుల వైద్యులు ఇప్పుడు చెబుతున్నారు. చుక్కి మొదటి రోజుల మెత్తదనాన్ని నేను నమ్మకమనుకున్నాను. అది నమ్మకం కాదు, ఓపిక లేకపోవడం. కూన దృష్టి నుంచి అంత వేదాంతం చెప్పుకున్నాం గానీ, కోలుకుని నాలుగు కాళ్ళ మీద నిలబడ్డ పిల్లి ఏమనుకుంటుందో ఎవరూ అడిగినట్టు లేదు.

మరి నాకు రావాల్సింది ఏమీ లేదా? అడక్కుండా కాపాడినవాడికి కృతజ్ఞత బాకీ ఉంటుందా? ఉంటుందని వాదించడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. మూడో రోజు అమ్మని చూసి ఆగిపోయాను.

మూడేళ్ళ కింద నానమ్మకి తుంటి ఎముక విరిగి ఆపరేషనయింది. మూడు నెలలు అమ్మే స్నానం చేయించింది, బెడ్‌పాన్ తీసింది, వద్దంటున్నా నోట్లో జావ పోసింది. నానమ్మ లేచి నడిచిన దగ్గర్నుంచీ అమ్మ ఉన్న గదిలో ఎక్కువసేపు కూర్చోదు. రాగిజావ ఇంట్లో కాయనివ్వదు. కబుర్లన్నీ ఆ మూడు నెలలూ ఫోన్ చేసి పలకరించిన అత్తతోనే. చుట్టాలందరూ నానమ్మకి విశ్వాసం లేదన్నారు, నేనూ అన్నాను. అమ్మ మాత్రం అనలేదు. ఎందుకు అనలేదని ఇప్పుడు అడిగాను.

"నన్ను చూస్తే ఆవిడకి ఆ మంచం గుర్తొస్తుంది. నేను కనబడకపోతే తను ఎప్పటి మనిషే" అంది, మామిడి టెంకలు ఏరుతూ. "చేసేప్పుడే తెలుసు నాకు."

నాకు తెలియదు. నేను బతికించాలనుకున్నది చుక్కినా, నా ఒళ్ళో పడుకునే చుక్కినా అంటే, నిజంగా రెండోదే. బతికింది మొదటిది.

ఈమధ్య నేను పిలవడం మానేశాను. గడప దగ్గర చేపల అన్నం పెట్టి అవతల కూర్చుని ఫోన్ చూసుకుంటాను. నిన్న తిన్నాక వెంటనే పోలేదు, అక్కడే ఒళ్ళు నాక్కుంది, నాకు వీపు పెట్టి. వచ్చే నెల రేబీస్ టీకా ఉంది. నాన్నని పట్టుకోమందామా అని ఆలోచించాను. వద్దు, ఆ ఒళ్ళయినా దానికి మిగలాలి. టవల్ నేనే తీస్తాను.