గురి తప్పలేదు సరే, శీలం తప్పలేదా?



మన మెదక్ నుంచి 15 కిలోమీటర్లు పోతే పోచారం అడవి. ఒకప్పుడు అది నిజాం వేటాడిన చోటు. దొరలు తుపాకీ పట్టుకొని కూర్చుంటే, డప్పులు కొట్టి జంతువులను వాళ్ల ముందుకు తోలింది ఊళ్లలోని పేదోళ్లే. 1952లో దాన్ని అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడ జింకలను పెంచుతున్నారు.

అడవి మారింది కానీ వేట మీద మోజు పోలేదు. సెల్‌ఫోన్లో విదేశీ వేట వీడియోలు చూసి మన పిల్లలు అడుగుతున్నారు: "అర కిలోమీటరు దూరం నుంచి ఒక్క గుండుతో పడగొట్టడం ఎంత నేర్పు! బాధ తెలియకుండా చంపితే తప్పేంది?"

ఈ ప్రశ్నను కసురుకోవద్దు, విచారించాలి. నేర్పు ఉన్నమాట నిజమే. గాలి వాటం చూడాలి, గుండు ఎంత కిందికి దిగుతుందో లెక్క కట్టాలి, ఊపిరి బిగబట్టాలి. కానీ 500 మీటర్లు పోవడానికి గుండుకు అర సెకనుకు పైనే పడుతుంది. ఆలోపు జంతువు ఒక్క అడుగు వేస్తే చాలు, గుండెకు పెట్టిన గురి కడుపులో దిగుతుంది. అది పొదల్లో పడి గంటల తరబడి కొట్టుకుంటుంది. దూరం పెరిగినకొద్దీ పేరు వేటగాడికి, ముప్పు జంతువుకు. ఇదేం న్యాయం?

హంస కథ మనకు తెలుసు. దేవదత్తుని గురి తప్పలేదు. అయినా పక్షి ఎవరిదని తగవు వస్తే, కొట్టినవానిది కాదు, కాపాడిన సిద్ధార్థునిదే అని తీర్పు వచ్చింది. పాళీ అట్ఠకథలు కూడా ప్రాణం తీసే తీరులను విడమరిచి చెప్పాయి. తన చేత్తో చంపినా, ఇంకొకరితో చంపించినా, దూరం నుంచి ఆయుధం వదిలినా, ఉచ్చు పెట్టి పక్కకు పోయినా అది ప్రాణహింసే. దూరం లెక్కలోకి రాదు, చంపాలనే చేతన లెక్కలోకి వస్తుంది.

మరి మక్కచేనును అడవిపందులు రాత్రికి రాత్రే తొక్కేస్తే రైతు ఏం చేయాలి? బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో దారి చూపించారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు. బుద్ధుడు అడ్డుకున్నది ఆ కోరికను. రైతుది అవసరమే కావచ్చు. అయినా ముందు కంచె, కావలి, నష్టపరిహారం కోసం దరఖాస్తు చూడాలి. అవేవీ ఆగని చోట చట్టం ఇచ్చే అనుమతి అడగాలి. 1972 వన్యప్రాణి చట్టం ఉండగా దొంగచాటు వేట నేరం. కరెంటు తీగ మాత్రం పెట్టనే వద్దు. తీగకు కళ్లుండవు. పందిని చూడదు, పొద్దున్నే నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను కూలీనీ చూడదు.

ఒక్క గుర్తు చెప్తాం. అవసరంతో కాల్చేవాడు గురి తప్పొద్దని వీలైనంత దగ్గరికి పోతాడు. సరదాకు కాల్చేవాడు ఎంత దూరం నుంచి కొట్టానో కొలుచుకుంటాడు. ఆ కొలత దగ్గరే మనసు బయటపడుతుంది.

పాళీలో 'కుశల' అంటే నేర్పు అనీ అర్థం, మేలు అనీ అర్థం. మేలు లేని నేర్పు ధమ్మంలో నేర్పే కాదు. గురి మీద ఇష్టమున్న పిల్లలను షూటింగ్ రేంజికి పంపండి. కాగితానికి నెత్తురు రాదు.

భవతు సబ్బ మంగళం.