కడలికి పాపమంటునా?

మన మెట్టసీమలోని వీపనగండ్లకు దక్షిణముగా పారు కృష్ణానది తుదకు హంసలదీవి యొద్ద సాగరమున కలయుచున్నది. ఏటి వరద నెరిగిన మెట్టసీమవారు ఉప్పెనను కన్నులార చూచినవారు కారు. అయినను ఆ సంగమతీరమున 1977 నవంబరు 19వ తేదీనాడు సంభవించిన ఘోరమును తలచినపుడు, దయామయుడైన దైవమున్నచో ఇట్టిది ఏల జరుగవలెనను ప్రశ్న మనలను సైతము వెన్నాడక మానదు.

నాటి తుపాను గాలి లోతు తక్కువైన తీరజలమును నేలవైపునకు త్రోయగా, అయిదారు మీటర్ల యెత్తున లేచిన కడలి ఆ తీరమందలి పల్లమైన దివిసీమను ముంచెత్తెను. ఆ తుపానునకు సుమారు పదివేలమంది బలియైరి. ఇట్టి విపత్తు పూర్వకర్మఫలమని కొందరు, కేవల ప్రకృతిధర్మమని కొందరు చెప్పుదురు. 1934లో బీహారు భూకంపమును అస్పృశ్యతాపాపమునకు దైవదండనగా గాంధీమహాత్ముడు భావింపగా, అస్పృశ్యతానిరసనమున ఆయనతో ఏకీభవించియు రవీంద్రనాథుడు భౌతికోత్పాతములకు భౌతికకారణములే యుండునని ప్రతివచించెను.

దివిసీమ ఉప్పెనపై నగ్నముని రచించిన ‘కొయ్యగుర్రం’ అను దీర్ఘకవిత ఈ వివాదమును వేరొక స్థలమునకు కొనిపోవుచున్నది. అందు కడలి భీకరమే. జడమై పడియున్న వ్యవస్థ అంతకంటె భీకరము. ఆ ప్రతీకను నేను గ్రహించినది ఇట్లు: ఉరుకవలసిన గుర్రము కొయ్యదైనపుడు, దానినెక్కినవాడు తాను సాగుచున్నానని భ్రమించును, ఆర్తుని మొర వినబడు చోటికి ఎన్నడును చేరడు.

కర్మసిద్ధాంతమును నేను త్రోసిపుచ్చను. తన నడవడిని తాను శోధించుకొనుటకై పెద్దలు మనకొసగిన ఆ విచారమును పరుల శవములపై తీర్పుగా పలుకుట మాత్రము ధర్మవిరుద్ధమని నా దృఢవిశ్వాసము. తాటాకు గుడిసెలో నిదురించిన శిశువు ఏ జన్మమున ఏమి చేసెనో చెప్పగలవాడు లేడు; ఆ శిశువునకు గట్టి ఆశ్రయమును, సకాలమున హెచ్చరికయు లభింపవలెనని ఎరుగనివాడును లేడు. కడలికి సంకల్పము లేదు కనుక పాపము అంటదు. సంకల్పశక్తి గల మనుజుడు, తీరవాసియైనను మెట్టవాసియైనను, ఆ ఆశ్రయమును, హెచ్చరికను కల్పించు బాధ్యతనుండి తప్పించుకొనజాలడు. తుపానుల ఋతువు ఏటేట తెలిసి వచ్చునదే. కావున మృతులకు విడిచెడి తర్పణోదకముకంటె, జీవించియున్నవారికై ముందుగా కట్టిన రక్షణగృహమే భగవంతునికి ప్రియతరమైన అర్చనయని నమ్ముచున్నాను.