అరుంధతి కనిపించిందా?

పెళ్లి తంతు ముగింపుకు వచ్చాక పురోహితుడు వధూవరులను పందిరి బయటికి నడిపించి, ఉత్తరం వైపు వేలు చూపి, "అరుంధతి కనిపించిందా?" అని అడుగుతాడు. కనిపించిందని ఇద్దరూ తల ఊపుతారు. సప్తర్షి మండలంలో తోక చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు. ఆయనను ఆనుకుని మసకగా మినుకుమనే చిన్న చుక్క అరుంధతి. మాఘం చివరి నుంచి జ్యేష్ఠం దాకా రాత్రి తొలి జాములో ఆ దంపతులు ఆకాశంలో ఉంటారు, వెతికితే దొరుకుతారు. కార్తీక మార్గశిరాల్లో మాత్రం మన తెలుగు నేల మీది నుంచి చూసేవారికి ఆ వేళప్పుడు ఇద్దరూ దిక్చక్రం కిందే ఉంటారు. పగటి ముహూర్తమైతే ఇక చెప్పక్కర్లేదు. అయినా ప్రశ్న అడుగుతారు, జవాబూ వస్తుంది. చూడమని విధించిన క్రియలో చూపే లేకపోతే ఆ క్రియ జరిగినట్టా? జరగనట్టే అంటాను. ఋతువుకొక రాత్రి ఊరంతా ఒకచోట చేరి ఆకాశం చూడటం తీరిక ఉన్నవాళ్ల సరదా కాదు. మన ధర్మంలోంచి జారిపోయిన అంగం అది. దాన్ని తిరిగి చేర్చుకోవాలి.

మన నెలల పేర్లే ఇందుకు మొదటి సాక్ష్యం. పున్నమి చంద్రుడు చిత్త దగ్గర నిలిస్తే చైత్రం, విశాఖ దగ్గరైతే వైశాఖం, కృత్తికల దగ్గరైతే కార్తీకం, మృగశిర దగ్గరైతే మార్గశిరం. పన్నెండు పేర్లూ ఎవరో రాత్రిపూట తల ఎత్తి చూసి పెట్టినవే. కృత్తికలు తూర్పు దిక్కు నుంచి చలించవని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. ఇవాళ అవి మనకు తూర్పు నుంచి సుమారు 25 డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉదయిస్తున్నాయి. దీన్ని పట్టుకుని జ్యోతిశ్శాస్త్ర చరిత్రకారుడు శంకర బాలకృష్ణ దీక్షిత్ ఆ మాట కాలాన్ని క్రీస్తుపూర్వం 3000 ప్రాంతానికి లెక్కగట్టారు. దాన్ని కాదన్న పండితులూ ఉన్నారు. ఆ తగవు ఎటు తేలినా, యజ్ఞవేదికి దిక్కు కుదుర్చుకోవడానికి ఎవరో తెల్లవారుజామున నిలబడి తూర్పును కళ్లారా చూశారన్నది మాత్రం చెక్కుచెదరదు. కేరళలో పరమేశ్వరుడనే జ్యోతిశ్శాస్త్రవేత్త 55 ఏళ్లు గ్రహణాలను గమనించి, 1431లో దృగ్గణితం అనే గ్రంథం రాశాడు. పాత సిద్ధాంతాల లెక్క ఆకాశంతో పొసగనప్పుడు దిద్దుకోవాల్సింది లెక్కనేనని నీలకంఠ సోమయాజి జ్యోతిర్మీమాంసలో వాదించాడు. వీళ్లెవరూ నాస్తికులు కారు, కర్మిష్ఠులు. ఉగాది నాడు గుడిలో కూర్చుని మనం పంచాంగం వింటాం. వినడం శబ్దప్రమాణం, దానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ శబ్దం పుట్టింది ప్రత్యక్షంలోంచి.

ఇంతకంటే లోతైన సంగతి మన రైతుల కార్తెల్లో దాగి ఉంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మృగశిర కార్తె ప్రవేశించిన రోజున తెలంగాణలో చేపలకు ఎక్కడలేని గిరాకీ. ఇంతా చేసి మృగశిర కార్తె నడిచే ఆ జూన్ రెండు వారాల్లో మృగశిర నక్షత్రం ఎవరికీ కనపడదు. సూర్యుడు అక్కడే ఉంటాడు కాబట్టి, ఆయన వెలుగులోనే ఉదయించి ఆ వెలుగులోనే అస్తమిస్తుంది. అంటే మన పెద్దలు తొలకరికి కంట పడని చుక్క పేరు పెట్టారు. అదెలా సాధ్యం? వైశాఖంలో సాయంత్రం సాయంత్రానికీ పడమటికి దిగజారిపోతున్న ఆ చుక్కను చూస్తూ వచ్చారు, ఒకనాటి సందెలో అది మాయమైంది. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అనే ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. ఉంటే కనపడవలసిన చోట కనపడకపోవడం కూడా ఒక జ్ఞానమే. అయితే దానికో షరతుంది. కుండ ఎరగనివాడికి ఇక్కడ కుండ లేదన్న సంగతీ తెలియదు. నిరుడు మార్గశిరంలో మృగశిరను రాత్రంతా చూసినవాడికే జూన్‌లో దాని లేమి అర్థమవుతుంది. క్యాలెండరులో కార్తె పేరు చదివి వానకు ఎదురుచూసే మనకు ఆ ఉనికీ తెలియదు, ఆ లేమీ తెలియదు.

శాస్త్రం చెప్పిన రోజున చెప్పినట్టు చేస్తే చాలు, కన్నుతో పనేముందని ఒక ఆక్షేపణ. వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూడొద్దన్నారు కదా అనీ అడుగుతారు. ఆ నిషేధం మిగతా రోజుల్లో చూసే అలవాటున్నవాళ్లకే వర్తిస్తుంది. అసలు తలెత్తనివాళ్లకు ఒక్క రోజు మానమని చెప్పడమెందుకు? అట్లతద్ది నాడు చంద్రుణ్ణి చూడందే నోట్లో ముద్ద పెట్టని ఆడవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది. జనం నిజంగా చూడటం మొదలుపెడితే, సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22ల్లోననీ, మనం ఉత్తరాయణ పుణ్యకాలమంటున్న సంక్రాంతి జనవరి 14, 15లకు జరిగిపోయిందనీ తెలిసిపోతుంది, నమ్మకం సడలుతుంది. తెలియనీ. సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున జరిగే అయనాంశ మన జ్యోతిష్కులకు కొత్తదేం కాదు. 1952లో మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన క్యాలెండర్ సంస్కరణ సంఘం ఈ తేడాను ఎత్తిచూపింది. సూర్యుడు నక్షత్రాల లెక్కన మకరంలో ప్రవేశించడం ఒకటి, ఉత్తరానికి తిరగడం మరొకటి. ఒకప్పుడు కలిసి ఉన్న రెండూ విడిపోయాయని తెలిసి సంక్రాంతి చేసుకునేవాడి భక్తికి లోటేముంది? తెలియకపోవడం మీద నిలబడ్డ భక్తి మాత్రం మొదటి ప్రశ్నకే ఒరిగిపోతుంది.

అవతలి పక్షం వారు ఇందులో మతమెందుకు, టెలిస్కోపు పెడితే చాలదా అంటారు. టెలిస్కోపు పెట్టండి, చాలా మంచిది. కానీ శనిగ్రహం వలయాలు ఒక్కసారి చూసి ఇంటికి వెళ్లినవాడు మళ్లీ రావాలంటే ఏదో పిలవాలి. పండుగ ఏటా పిలుస్తుంది. ఒంటరిగా డాబా మీద నిలబడితే సరిపోదా అంటే, సరిపోదు. చుక్కను ఎవరో వేలితో చూపితేనే తెలుస్తుంది. ముందు పక్కనున్న పెద్ద చుక్కను చూపి ఇదే అరుంధతి అనడం, చూపు నిలిచాక అది కాదు, పక్కనున్న సన్నటిది అనడం స్థూలారుంధతీ న్యాయం. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని ప్రస్తావించారు. కనిపించేదాని మీదుగా సూక్ష్మంలోకి తీసుకెళ్లే బోధకు ఇదే నమూనా, దానికి చూపేవారొకరు, చూసేవారొకరు ఉండి తీరాలి. రంజాన్ నెలవంకకు ముస్లింలు సాక్షుల మాట అడగడంలోనూ ఈ వివేకమే ఉంది. కాలం అందరిదీ, కాబట్టి దాన్ని చూసి చెప్పేవాళ్లూ ఉమ్మడిగా నిలబడాలి.

ఋతువుకొక రాత్రి అన్నాను కదా, వానాకాలంలో మబ్బు ఉంటుంది. భాద్రపదంలో తెరిపి దొరికిన రాత్రి మాత్రం, చవితి పూజలో వినాయకుడి పైన మొక్కజొన్న కండెలతో, వెలగకాయలతో పాలవెల్లి కట్టిన పిల్లలకు అదే పేరున్న పాలపుంతను నడినెత్తిన చూపించవచ్చు. కావలసింది చీకటి. గుడి ధర్మకర్తలు ఆ ఒక్క గంట ఫ్లడ్‌లైట్లు ఆపాలి. పురోహితులూ సైన్సు మాస్టార్లూ పక్కపక్కన నిలబడాలి. ఎవరూ ముందుకు రాకపోతే మీరే మొదలుపెట్టండి. ఈ కార్తీక పున్నమి నాడు 365 వత్తులు వెలిగించాక పిల్లలతో తూర్పుకు తిరిగి, చంద్రుణ్ణి అరచేత్తో మూసి చుట్టూ వెతకండి. గుప్పెడు చిన్న చుక్కల గుంపుగా పిల్లలకోడి అక్కడే ఉంటుంది. కార్తీకానికి పేరిచ్చిన కృత్తికలు అవే.