పిల్లలు చదివేదేమిటి? మనసులో మిగిలేదేమిటి?



మన ప్రభువు చదివిన సందర్భం ఒకటి, వ్రాసిన సందర్భం ఒకటి సువిశేషాలలో కనిపిస్తాయి. నజరేతు ప్రార్థనామందిరంలో ఆయన నిలుచుండి యెషయా ప్రవక్త గ్రంథాన్ని చదివారు (లూకా 4:16-21). ఒక స్త్రీని పట్టి తెచ్చి తీర్పు చెప్పమని జనులు తొందరపెట్టినప్పుడు, వంగి నేలమీద వ్రేలితో వ్రాశారు (యోహాను 8:1-11). చదివిన వాక్కును తన జీవితానికి అన్వయించుకున్నారు. వ్రాస్తూ, కోపంతో ఊగిపోతున్నవారికి ఆలోచించుకొనే వ్యవధి ఇచ్చారు. మన పిల్లల చదువును, వ్రాతను ఈ వెలుగులో చూద్దాం.

"మావాడు పుస్తకం ముట్టడు ఫాదర్, ఎప్పుడూ ఫోనే!" చిల్కానగర్‌లోనైనా, ఉప్పల్, నాచారంలలోనైనా తల్లిదండ్రులు చెప్పే మాట ఇదే. నిజానికి ఆ పిల్లవాడు ప్రొద్దుట నుండి రాత్రి దాకా చదువుతూనే ఉన్నాడు, వ్రాస్తూనే ఉన్నాడు. వాట్సాప్ సందేశాలు, సినిమా కబుర్లు, క్రికెట్ స్కోర్లు అన్నీ అక్షరాలే కదా! క్రొత్త సాధనాన్ని చూసి పెద్దలు భయపడటం కూడా క్రొత్త కాదు. వ్రాత వస్తే మనుషుల జ్ఞాపకశక్తి సన్నగిల్లుతుందని, తెలియకపోయినా తెలిసినట్లు భావిస్తారని క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో ప్లేటో తన 'ఫేద్రస్' గ్రంథంలో సోక్రటీసు చేత చెప్పించాడు. అదే వ్రాత ద్వారా సువిశేషం మనదాకా వచ్చింది. 2006లో 15 ఏండ్లకే రక్త క్యాన్సర్‌తో మరణించిన కార్లో అకుటిస్, దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలను సేకరించి ఇంటర్నెట్‌లో పెట్టిన బాలుడు. 2025 సెప్టెంబరు 7న 14వ లియో పోపుగారు అతణ్ణి పునీతుడిగా ప్రకటించారు. కనుక ఫోనును తిట్టి ప్రయోజనం లేదు.

మరి ఏమి అడగాలి? పునీత లొయోలా ఇగ్నేషియస్‌గారి అనుభవం మనకు దారి చూపుతుంది. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి, కాలు విరిగి, ఆయన మంచం పట్టారు. కాలక్షేపానికి వీరుల కథలు అడిగారు. ఇంట్లో అవి లేవు. క్రీస్తు జీవితం, పునీతుల చరిత్రలు మాత్రమే ఉన్నాయి. వాటినే చదివారు. లౌకికమైన ఊహలు ఆ కాసేపు తీయగా ఉండి, పిమ్మట మనసును ఎండగట్టేవి. పునీతుల తలంపులు మాత్రం పుస్తకం మూసిన తర్వాత కూడా ఆనందాన్ని నిలిపేవి. ఈ తేడాను ఆయన గమనించారు. మీ బిడ్డను "ఎన్ని గంటలు చూశావు?" అని గద్దించేముందు, "ఫోను ప్రక్కన పెట్టాక నీ మనసు ఎలా ఉంది?" అని ప్రేమతో అడగండి. అలాగే ఇగ్నేషియస్‌గారికి ఏ పుస్తకాలు అందాయో, అవే ఆయన దారిని మార్చాయని కూడా మరువకండి. మీ ఇంట్లో బిడ్డ చేతికి అందే పుస్తకం ఏది?

నన్ను మరింత కలవరపెట్టే సంగతి ఉంది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఫోనులో ఆ తెలుగునే ఇంగ్లీషు అక్షరాలతో వ్రాస్తారు. 2018 చట్టంతో తెలంగాణ బడులలో తెలుగు తప్పనిసరి అయింది గనుక పరీక్ష గట్టెక్కుతారు. ఆదివారం పూజలో పఠనం చదవమంటే మాత్రం వెనుకాడతారు. అమ్మమ్మ జపాల పుస్తకం మనవరాలికి చదవరాని పుస్తకమైపోతోంది. ఇది పట్నం పిల్లల కథ మాత్రమే కాదు. మనదేశ పల్లెలలో 14-18 ఏండ్లవారిలో నలుగురిలో ఒకరు రెండవ తరగతి పాఠాన్ని తమ ప్రాంతీయ భాషలో ధారాళంగా చదవలేకపోతున్నారని 2023 ఏసర్ నివేదిక తెలిపింది. "ఇంగ్లీషు బైబిలు ఉంది కదా ఫాదర్" అంటారా? మంచిదే, చదవనివ్వండి. కాని కష్టంలో తల్లి ఏ భాషలో దేవునికి మొరపెట్టుకొంటుందో ఆ భాషలో దేవుని వాక్కును చదువుకోలేని బిడ్డ, తల్లి విశ్వాసంలో సగమే అందుకుంటాడు.

ఇప్పుడు వ్యాసాలు వ్రాసిపెట్టే యంత్రాలు కూడా వచ్చాయి. విద్యార్థి తానే ఆలోచించి సమాధానం చేరుకొనేలా చేయకుండా, సమాధానాన్ని చేతికందించే ఇలాంటి సాధనాల విషయమై 2025 జనవరిలో వెలువడిన 'అంతిక్వా ఎత్ నోవా' పత్రంలో శ్రీసభ హెచ్చరించింది. ఈనాడు వ్యాసం, రేపు స్నేహితునికి క్షమాపణ లేఖ కూడా యంత్రమే వ్రాస్తే, ఆ క్షమాపణ ఎవరిది?

తల్లిదండ్రులారా, మూడు పనులు చేయండి. మొదటిది, పవిత్ర గ్రంథాన్ని అలమారలో నుండి తీసి అందరి చేతికి అందేచోట ఉంచండి. రాత్రి జపమాల తర్వాత పిల్లల చేత పది వచనాలు తెలుగులో చదివించండి. తడబడితే నవ్వకండి. ఆ సమయంలో మీ ఫోను కూడా ప్రక్కన పెట్టండి. రెండవది, వారానికి ఒకసారి సొంత చేతితో అరపేజీ వ్రాయించండి. ఊళ్ళో ఉన్న తాతయ్యకు ఉత్తరమైనా సరే. మూడవది, వారికి ఇష్టమైనది ఏమిటో వినండి. ఫ్రాన్సిస్ పోపుగారు 1964-65లో అర్జెంటీనాలోని సాంతాఫే యేసుసభ పాఠశాలలో సాహిత్యం బోధించారు. నిర్ణయించిన పాత కావ్యాన్ని ఇంట్లో చదువుకోమని చెప్పి, విద్యార్థులు కోరిన రచయితలను తరగతిలో బోధించారు. ఈ సంగతిని ఆయనే 2024లో తమ లేఖలో గుర్తుచేసుకున్నారు. మన బిడ్డల ఇష్టాన్ని మనం వింటే, మన ఇష్టాన్ని వారూ వింటారు.

యువతీ యువకులారా, కోపంలో సందేశం పంపబోయేముందు, నేలమీద వ్రాస్తున్న ప్రభువును ఒక్క క్షణం తలంచుకోండి.

బాలయేసును పెంచిన మరియమాత, పునీత జోజప్పగారు మన ఇండ్లకొరకు ప్రార్థింతురుగాక. ఆమెన్.