కత్తెరకు బలి అయిన సాక్ష్యం

ఒక చిత్రం చూసి మనం తీర్పు చెబుతాం. కొన్నాళ్ళకు అదే చిత్రం మరో అరగంట పెరిగి మన ముందుకు వస్తే మొదటి తీర్పు ఏమవుతుంది?

2016 మార్చిలో వార్నర్ బ్రదర్స్ వారు విడుదల చేసిన ‘బాట్‌మాన్ వర్సెస్ సూపర్‌మాన్’ ఈ ప్రశ్నను తెచ్చిపెట్టింది. జాక్ స్నైడర్ తీసిన ఈ చిత్రం సినిమాహాళ్ళలో 151 నిమిషాలు. కథకు అతుకూ పొంతనా లేదని విమర్శకులు చీల్చి చెండాడారు. కొద్ది నెలలకే, ఇంట్లో చూసుకునేవారి కోసం 182 నిమిషాల ప్రతి వచ్చింది. ఇదీ గొప్ప చిత్రమేమీ కాదన్నవాళ్ళు కూడా, కథ మాత్రం అర్థమవుతున్నదని ఒప్పుకున్నారు.

ఆ అరగంటలో ఏమున్నది? ఆఫ్రికాలో ఒక పల్లెలో జరిగిన హత్యాకాండకు సూపర్‌మాన్ కారకుడని కహీనా జీరీ అనే స్త్రీ అమెరికన్ సెనేట్ కమిటీ ఎదుట సాక్ష్యం చెబుతుంది. పొట్టి ప్రతిలో ఆమె పని అంతటితో సరి. పొడుగు ప్రతిలో ఆమె మళ్ళీ వచ్చి, తనను బెదిరించి అబద్ధం చెప్పించారని సెనేటరు దగ్గర బయటపెడుతుంది. అప్పుడామెను రైలు కిందికి తోసేస్తారు. కోటీశ్వరుడు లూథర్ కిరాయి సైనికులు శవాలను తగలబెట్టి నేరాన్ని సూపర్‌మాన్ మీదికి నెట్టిన తీరు కూడా ఇక్కడే కనిపిస్తుంది. విలేఖరి క్లార్క్ గోథం నగరంలోని పేదలను కలుసుకుని బాట్‌మాన్ గురించి వాకబు చేయటమూ కత్తెర పాలైనదే.

తన్నులాటలు మిగిలాయి, వాకబులు పోయాయి. మూడు గంటల బొమ్మకు రోజుకు ఆటలు తగ్గుతాయి గదా! ఏది పోయినా వసూలుకు లోటు రాదో లెక్క చూసుకుంటే, ముందుగా తేలేది బీదవాళ్ళ మాటే.

మొదట తిట్టిన విమర్శకులది తప్పనను. టిక్కెట్టు కొన్నవాడి చేతికి వచ్చిన సరుకును గురించే వాళ్ళు మాట్లాడారు. దర్శకుడికి కథ చెప్పటమే చేతకాదన్నవాళ్ళు మాత్రం తొందరపడ్డారు. ఇక అభిమానులు పొడుగు ప్రతే ‘అసలు’ చిత్రమంటారు. నాకు నమ్మకం లేదు. అదీ సరుకే, రెండోసారి అమ్మిన సరుకు. 2017లో రెండు గంటలుగా వచ్చిన ‘జస్టిస్ లీగ్’ కూడా 2021లో నాలుగు గంటలై తిరిగి వచ్చింది.

పైగా, కహీనాకు నోరిచ్చారు గాని, ఎందుకిచ్చారు? సూపర్‌మాన్ నిర్దోషి అని మనకు తెలియటానికి. ఆ ముక్క చెప్పగానే ఆమె చస్తుంది. కథ ఇద్దరు వీరుల తగాదాలో పడిపోతుంది. ఆ పల్లెకు కెమెరా మళ్ళీ వెళ్ళదు.